నీరూ మట్టీ కలిసిన చోటు

ఏ తెలుగు దినపత్రిక తెరిచినా ఏదో ఒక పేజీలో ఊబి కనిపిస్తుంది. రైతు అప్పుల ఊబిలో కూరుకుపోతాడు. కుర్రవాళ్లు మత్తు ఊబిలో దిగబడతారు. నడవలేని సంస్థ నష్టాల ఊబిలో ఉంటుంది. ఎన్నికలు దగ్గరపడితే నాయకులు ఒకరి మీద ఒకరు బురద చల్లుకుంటారు. పరాయి తగాదాలో తలదూర్చినవాణ్ణి ఆ రొంపిలోకి ఎందుకు దిగావని పెద్దలు మందలిస్తారు. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అని సామెత ఎప్పుడో హెచ్చరించి పెట్టింది. ఊబి, బురద, రొంపి, అడుసు, పంకం. నీరూ మట్టీ కలిసిన చోటుకు మనకున్న పేర్లివి. నిఘంటువు తెరిస్తే వీటి మొదటి అర్థం నేలే. మాటల్లోకి వచ్చేసరికి మాత్రం అవి అప్పుగా, వ్యసనంగా, అపనిందగా, పాపంగా మారిపోతాయి.

మాటకు రెండో అర్థం రావడం తప్పు కాదు. కంటికి కనిపించేదాన్ని పట్టుకుని కనిపించనిదాన్ని చెప్పడం భాషకు పుట్టుకతో వచ్చిన గుణం. కృష్ణా డెల్టాలో పుట్టి, కాలువ గట్ల మీద పెరిగిన నన్ను బాధించేది మరొకటి. ఈ మాటల విషయంలో రెండో అర్థం బాగా బలిసి మొదటి అర్థాన్ని మింగేసింది. బురద అనగానే మనకిప్పుడు నేల గుర్తు రాదు, చెడు గుర్తొస్తుంది. చెడుగా పేరుపడ్డ చోటును పూడ్చడానికి ఎవరి చేయీ వణకదు. మట్టి లారీలు చెరువు మీదికి రాకముందే మాట వచ్చి దారి వేసి ఉంటుంది.

ముందు ఊబి సంగతి చూద్దాం. ఇసుకలోనో ఒండ్రులోనో రేణువుల మధ్య నీరు నిండి, ఆ నేల బరువు మోసే శక్తిని పోగొట్టుకుంటే ఊబి అవుతుంది. ఏటి ఒడ్డున, ఎండుతున్న చెరువు నడుమ పైన పెచ్చు కట్టి గట్టిగా కనిపిస్తుంది. కాలు పడగానే లోపలి మెత్తదనం బయటపడుతుంది. మేతకు వెళ్లిన గేదె దిగబడితే ఊరు ఊరంతా తాళ్లూ చెక్కలూ పట్టుకుని పరుగెత్తడం డెల్టాలో పెరిగినవాళ్లకు కొత్త కాదు. కాబట్టి ఊబి అంటే భయం ఊరికే పుట్టింది కాదు. అయితే ఆ భయంలో ఎంత నిజమో కొలిచి చూసినవాళ్లున్నారు. ఆమ్‌స్టర్‌డామ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2005లో 'నేచర్' పత్రికలో తమ ప్రయోగాల ఫలితాన్ని ప్రకటించారు. ఊబి ఇసుక మనిషి శరీరం కంటే బాగా సాంద్రమైనది, అందువల్ల అది మనిషిని నిలువునా మింగలేదు, దాదాపు నడుము దాకా దిగాక శరీరం తేలుతుంది. అయితే దిగిన కాలిని ఒక్క ఊపున లాగాలంటే కారును పైకెత్తేంత బలం కావాలి. నెమ్మదిగా కాలు కదిలిస్తూ, చుట్టూ నీరు చేరనిస్తే ఆ పట్టు సడలుతుంది.

ఈ సంగతి తెలిశాక అప్పుల ఊబి అన్న మాటను పాత కళ్లతో చదవలేకపోతున్నాను. నేలలోని ఊబిని ఎవరూ తవ్వలేదు. అప్పు అలాంటిది కాదు. దానికి ఇచ్చినవాడున్నాడు, వడ్డీ రేటుంది, పలకని ధర ఉంది, మొలకెత్తని విత్తనం అమ్మిన చేయి ఉంది, సమయానికి రాని బీమా ఉంది. రైతు ఊబిలో కూరుకుపోయాడని రాయగానే వీళ్లందరూ వాక్యంలోంచి జారిపోతారు. మనిషి చేసినది ప్రకృతి చేసినట్టు అవుతుంది. బురద చల్లడం కూడా అంతే. అబద్ధం చెప్పింది నోరు. పేరు చెడింది బురదకు. మన చెడును నేల మీద మోపి, ఆ చెడ్డపేరును సాకుగా చూపి నేలను శిక్షిస్తున్నాం. ఈ వ్యాసంలో నేను చెప్పదలచుకున్నది ఇదే.

ఇలా నింద మోసిన నేలలు ప్రపంచమంతటా ఉన్నాయి. చిత్తడి నేలల మీది గాలి వల్లే చలిజ్వరం వస్తుందని యూరప్ శతాబ్దాలపాటు నమ్మింది. మలేరియా అన్న పేరుకు ఇటాలియన్ భాషలో చెడ్డ గాలి అని అర్థం. ఆ నింద తొలగిపోవడానికి దారి వేసిన రోజు మన గడ్డ మీదే వచ్చింది. 1897 ఆగస్టు 20న సికింద్రాబాదులో రోనాల్డ్ రాస్ ఒక దోమ కడుపును సూక్ష్మదర్శిని కింద పెట్టి, అందులో మలేరియా పరాన్నజీవి పెరుగుతున్న ఆనవాలు చూశాడు. 1902లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. జ్వరం మోసుకొచ్చేది దోమ, గాలి కాదు. దోమ నిలవనీటిలోనే పెరుగుతుంది, నిజమే. కానీ చేపలూ కప్పలూ తూనీగలూ ఉన్న చిత్తడిలో దోమ గుడ్లలోంచి వచ్చిన పురుగు చాలావరకు వాటికి తిండి అయిపోతుంది. అవేవీ బతకని పట్నపు మురుగుకాలువలో దోమకు అడ్డులేదు. చిత్తడిని పూడ్చి, దాని మీద ఇళ్లు కట్టి, ఆ ఇళ్ల మధ్య మురుగును నిలవేసుకున్న చోట దోమకు మేలే జరిగింది.

ఇంతగా నిందలు మోసిన బురదను మనం ఏటా చేతులారా తయారుచేసుకుంటాం. ఆరుద్ర కార్తె వచ్చి, కాలువకు నీళ్లు వదిలాక డెల్టా అంతటా జరిగే పని అదే. మడికి నీరు పెట్టి, గట్లు చెక్కి, దమ్ము చేస్తారు. తెలంగాణలో కరిగెట అంటారు. ఒకప్పుడు ఎద్దులు, దున్నపోతులు తొక్కి చేసిన పనిని ఇప్పుడు ఇనుప చక్రాలు తగిలించిన ట్రాక్టరు చేస్తోంది. మట్టిగడ్డ అన్నది మిగలకుండా నేల మొత్తం చిక్కని అడుసు కావాలి. అప్పుడు సన్నని రేణువులు కిందికి దిగి పొరగా పేరుకుంటాయి. నీరు ఇంకిపోకుండా ఆ పొర పట్టి ఉంచుతుంది. కలుపు అణుగుతుంది. నారు వేళ్లు తేలిగ్గా నాటుకుంటాయి. ఆ అడుసులో గాలి ఆడదు. మామూలు మొక్క ఊపిరాడక చచ్చిపోతుంది. వరి మాత్రం ఆకుల నుంచి వేళ్ల దాకా కాడ లోపల గాలి దారులు పెట్టుకుంది. మంచి దమ్ము అంటే ఏమిటని రైతును అడిగితే ఆయన వర్ణించేది అచ్చంగా ఒక చిత్తడినే.

మా నాన్న దమ్ము రోజుల్లో మోకాళ్ల దాకా అడుసుతో ఇంటికొచ్చేవాడు. అమ్మ వాకిట్లో చెంబుతో నీళ్లు పోసేది. ఆ కాళ్లను చూసి ఇంట్లో ఎవరూ మొహం చిట్లించలేదు. ఊడ్పులకు వచ్చిన ఆడవాళ్లు చీర కుచ్చెళ్లు పైకి దోపి, పొద్దస్తమానం నడుములు వంచి, వెనక్కి అడుగులేస్తూ నాటేవారు. వాళ్ల కాలివేళ్ల సందులు పాసిపోయేవి. ఆషాఢంలో గోరింటాకు పెట్టుకోవడం అందుకేనని మా అమ్మమ్మ చెప్పేది. అడుసు తొక్కనేల అని సామెత అడిగిన ప్రశ్నకు వాళ్ల దగ్గర సూటి జవాబు ఉంది. తొక్కకపోతే అన్నం లేదు. ఆ సామెతను పుట్టించినది పొలం అయి ఉండదని, పొలానికి దూరంగా అరుగు మీద కూర్చున్న ఎవరో అయి ఉంటారని నాకు అనిపిస్తుంది.

భాష కూడా ఈ బురదను గౌరవించింది. అందుకు వేరే మాటలు పెట్టుకుంది. కోస్తాలో మాగాణి అంటాం, పల్లం అంటాం. రాయలసీమలో నంజ అన్న మాట ఉంది. తెలంగాణలో తరి. మెట్ట, పుంజ, ఖుష్కి వీటికి ఎదుటి మాటలు. తరి, ఖుష్కి అన్న జంట పారశీకం నుంచి నిజాం రెవెన్యూ లెక్కల ద్వారా వచ్చింది. వాటి అర్థం తడిది, పొడిది అనే. ఇవన్నీ తడి నేలలే. కానీ మాగాణి అన్న మాట పలికేటప్పుడు గొంతు మారుతుంది. పెళ్లి సంబంధం మాట్లాడేటప్పుడు కుర్రాడికి మాగాణి ఎంత అని అడుగుతారు. ఆ మాటకు పొలం అన్న అర్థంతోపాటు కలిమి, పరువు, ధీమా అన్న అర్థాలు కూడా చేరాయి. ఒకే నీరు, ఒకే మట్టి. ఒకచోట కలిసి సిరి అయ్యాయి, మరొకచోట కలిసి తిట్టు అయ్యాయి.

కావ్యభాష కూడా ఇదే చేసింది. పంకజం అంటే బురదలో పుట్టినది. మాట నిర్మాణాన్ని బట్టి అయితే నత్త, తుంగ, ఎండ్రకాయ, కొరమీను కూడా పంకజాలే. వాడుక మాత్రం దాన్ని తామరకే కట్టిపెట్టింది. ఇలాంటి మాటను శాస్త్రకారులు యోగరూఢి అన్నారు, దానికి మొదటి ఉదాహరణగా పంకజాన్నే చూపారు. తామరను పొగిడేవాళ్లు బురదలో పుట్టినా దానికి బురద అంటలేదని పొగుడుతారు. తల్లిని తిట్టి బిడ్డను మెచ్చుకునే ఈ పద్ధతి నాకు నచ్చదు. తామర దుంప బురదలోనే ఒదిగి వేసవిని దాటుతుంది, వానకు మళ్లీ ఆకు వేస్తుంది. దాని బతుకంతా బురద పెట్టిన భిక్ష. ఆ మాటను దాని అసలు అర్థానికి తెరిచి చూస్తే మన కంచంలోని మెతుకు కూడా పంకజమే.

అయితే ఏ తడి మాగాణి, ఏ తడి రొంపి అన్నది తేల్చిందెవరు? చాలావరకు శిస్తు తేల్చింది. ప్రభుత్వానికి రాబడి ఇచ్చే తడికి సర్వే నంబరు, పట్టా, గౌరవం వచ్చాయి. రాబడి ఇవ్వని తడి పోరంబోకు అయింది. ఈ మాట తమిళం నుంచి వచ్చింది. లెక్కకు వెలుపల ఉన్నది అని దాని భావం. చెరువు గర్భం, వాగు, పశువుల బీడు, శ్మశానం, ఇలా ఊరందరిదీ అయి, ఏ ఒక్కరిదీ కాని నేలలన్నీ ఆ పద్దు కింద చేరాయి. అందరిదీ అన్న ఆ అర్థం ఎంత గొప్పదో ఆలోచించండి. వాడుకలో అది ఏమైందో మనకు తెలుసు. పనీపాటా లేకుండా తిరిగేవాణ్ణి పోరంబోకు అని తిడతాం. శిస్తు కట్టని నేల ఎందుకూ కొరగానిది అని రెవెన్యూ అనుకుంటే, ఎందుకూ కొరగాని మనిషికి ఆ నేల పేరు పెట్టి మనం ఒప్పేసుకున్నాం. ఈ అన్యాయాన్ని తమిళులు పాటగా పాడుకున్నారు. చెన్నై దగ్గరి ఎన్నూరు చిత్తడి కోసం 2017లో గాయకుడు టి.ఎం. కృష్ణ పోరంబోకు అన్న మాటనే పల్లవిగా చేసుకుని పాడారు. తెలంగాణలో చెరువు గర్భాన్ని శిఖం అంటారు. ఎండాకాలం దానిలో పశువులు మేసేవి, దోసకాయలు పండేవి, వానాకాలం అదే నీరై నిలిచేది. హైదరాబాదులో ఇప్పుడు శిఖం అన్న మాట ఎక్కువగా వినిపించేది కబ్జా వార్తల్లో.

రెవెన్యూకి ఈ నేల ఎందుకు కొరుకుడు పడలేదో కొంచెం ఆలోచిస్తే తెలుస్తుంది. మనకు మట్టి పవిత్రం. కన్న మట్టి అంటాం, మట్టి మనిషి అని మెచ్చుకుంటాం. నీరూ పవిత్రమే. గంగమ్మ అని దండం పెడతాం. ఆ రెండూ విడివిడిగా ఉన్నంతసేపూ పూజ, కలిస్తే తిట్టు. కలిసినప్పుడు హద్దు పోతుంది. అక్కడ సర్వే రాయి నిలవదు. ఈ వేసవిలో నేలైనది వచ్చే వానకు నీరవుతుంది. నాది, నీది అని గీత గీయడానికి వీలివ్వని చోటును చూసి చట్టం తడబడింది, కాగితం తడబడింది. గీత గీసే చేతికి లొంగకపోవడమే దాని నేరం.

ఆ గీత గొడవ ఎలా ఉంటుందో కొల్లేరును చూస్తే తెలుస్తుంది. కృష్ణా గోదావరి డెల్టాల నడుమ పల్లంలో, సహజంగా ఏర్పడ్డ మంచినీటి సరస్సు అది. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు తెచ్చిన నీటినంతా పట్టి ఉంచి, ఉప్పుటేరు గుండా మెల్లగా సముద్రానికి వదులుతుంది. వానల్లో విస్తరిస్తుంది, ఎండల్లో కుంచించుకుంటుంది. 1999లో 308 చదరపు కిలోమీటర్ల మేర దాన్ని పక్షుల అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో అంతర్జాతీయ ప్రాముఖ్యం గల చిత్తడి నేలగా రామ్‌సర్ జాబితాలోకి ఎక్కింది. సముద్రమట్టం నుంచి ఎత్తును చూపే గీతల లెక్కలో అభయారణ్యం ఐదో కాంటూరు దాకా ఉండాలా, మూడో కాంటూరు దాకా చాలా అన్న వాదన మాత్రం ఏళ్లుగా నడుస్తూనే ఉంది. ఊపిరి తీసుకుని వదిలే నీటికి ఎక్కడో ఒకచోట గోడ కట్టాలన్న తాపత్రయం అది.

కొల్లేరు మన భాషకు మాటలూ ఇచ్చింది. అంతులేని జాబితాను ఇప్పటికీ కొల్లేటి చాంతాడు అంటాం. ఆ జాబితాలు చదివే చాలామంది కొల్లేరును చూసి ఉండరు. ఆటపాక దగ్గర గూడబాతులు గూళ్లు కట్టి పిల్లల్ని పెంచే కాలంలో నేను అక్కడికి వెళ్లాను. ఆ పక్షుల రొద, ఆ నాచు వాసన, నీటి మీద గుర్రపుడెక్క, ఒడ్డున జమ్ము, కిక్కిస. లంక గ్రామాల మనుషులు చేపల పేర్లు చెబుతుంటే విన్నాను. కొరమీను, మట్టగిడస, మార్పు, ఇంగిలాయి, బొమ్మిడాయి. వీటిలో కొరమీను, మార్పు, ఇంగిలాయి లాంటివి నీటిలో ప్రాణవాయువు తగ్గితే పైకొచ్చి గాలి పీల్చుకోగలవు. నీరు ఎండితే కొరమీను తడి బురదలోకి దూరి వాన కోసం ఎదురుచూస్తుంది. మనిషికి ఊబి అయినది దానికి పురిటిల్లు. బురద కంపు అని మనం ముక్కు మూసుకునే ఆ వాసన కూడా గాలి ఆడని మట్టిలో సూక్ష్మజీవులు పని చేస్తున్నాయనడానికి గుర్తు. అక్కడ ఆకూ అలమూ తొందరగా కుళ్లవు. అందుకే వాటిలోని కర్బనం గాలిలోకి పోకుండా చాలాకాలం మట్టిలోనే ఉండిపోతుంది.

కొల్లేరు గర్భంలో చేపల చెరువుల గట్లు లేచాయి. 2006లో ప్రభుత్వం వాటిని పెద్ద ఎత్తున కొట్టించింది. తర్వాత మళ్లీ లేచాయి. ఈ కథలో అందరూ దొంగలు కారు. ప్రభుత్వమే ఒకప్పుడు సొసైటీలు పెట్టించి చెరువులు తవ్వించింది. వేటతో బతికే కుటుంబాలకు మరో బతుకు దొరకలేదు. లాభం ఎక్కువగా పోయింది పెట్టుబడి ఉన్నవాళ్ల చేతికి. అక్కినేని కుటుంబరావు 'కొల్లేటి జాడలు' నవల ఆ పాత కొల్లేటి బతుకును మన కళ్ల ముందు పెడుతుంది. సరస్సు పోతే నీటితోపాటు ఒక ఊరి పంపకాలు, పండుగలు, పనులు, మాటలు ఎలా పోతాయో ఆ నవల చదివినవాళ్లకు తెలుసు.

2024 సెప్టెంబరు మొదటి రోజున బుడమేరు విజయవాడలోకి వచ్చింది. సింగ్‌నగర్, దాని చుట్టుపక్కల కాలనీలు రోజుల తరబడి నీటిలో ఉన్నాయి. మేడల మీద జనం, వీధుల్లో పడవలు. బుడమేరుకు బెజవాడ దుఃఖదాయని అన్న పాత పేరు మళ్లీ పత్రికల్లోకెక్కింది. ఆ పేరు చదివినప్పుడల్లా మనసు కలుక్కుమంటుంది. ఆ రోజుల్లో కుండపోత వాన పడింది, గట్లకు గండ్లు పడ్డాయి. అంతకు ముందు ఎన్నో ఏళ్లుగా ఆ ఏటి దారి ఇరుకవుతూ వచ్చింది. వరద వచ్చినప్పుడు ఏరు ఒళ్లు విరుచుకోవడానికి ఉన్న పల్లాలు ఇళ్ల స్థలాలయ్యాయి. నీరు తన పాత చోటికి వచ్చింది. అక్కడ మనం ఉన్నాం. ఆ చోట్లలో ఇల్లు కొనుక్కున్న చిరుద్యోగికి, రోజుకూలీకి పాత పటం ఎవరూ చూపించలేదు. వాళ్ల దుఃఖానికి కారకులు ఆ పల్లాన్ని లేఅవుట్ చేసి అమ్మినవాళ్లు, దానికి అనుమతి ముద్ర వేసినవాళ్లు. పేరు మాత్రం ఏటికి పెట్టాం.

నేలనూ నీటినీ నిందించే ఈ అలవాటుకు మన భాషలో విరుగుడు లేదా అంటే ఉంది. అది మనకు అతి దగ్గరి మాట, తడి. మనసులో తడి ఉన్న మనిషి అంటే మనకు ఎంత ప్రేమ! కవిత్వంలో తడి ఉందంటే అంతకు మించిన మెప్పు లేదు. కళ్లు చెమ్మగిల్లాయంటాం. దయ లేనివాడి గుండె ఎండిపోయిందంటాం. సంస్కృతం నుంచి తెచ్చుకున్న ఆర్ద్రత అన్న మాటకు మొదటి అర్థం తేమ, రెండో అర్థం కరుణ. దమ్ములు మొదలయ్యే ఆరుద్ర కార్తె పేరులో ఉన్నదీ ఆ తేమే. ఇక్కడ రెండో అర్థం మొదటిదాన్ని మింగలేదు, పైకెత్తింది. ఎదుటివాడి బాధ నాలోకి ఇంకితే అది ఆర్ద్రత. ఇంకించుకోవడం, పట్టి ఉంచడం, అవసరమైనప్పుడు మెల్లగా వదలడం, ఇవి చిత్తడి నేల చేసే పనులే. మన పూర్వులు కరుణకు పేరు వెతికినప్పుడు వాళ్లకు తడిసిన నేల గుర్తొచ్చి ఉంటుందని నేను నమ్ముతాను. ఊబి అన్న మాట పుట్టిన భాషలోనే ఈ మాటా ఉంది. ఏ మాటను దగ్గర పెట్టుకుని నేల వైపు చూస్తామన్నది మన ఎంపిక.

చట్టంలోని మాట కూడా తేలిక విషయం కాదు. 1971 ఫిబ్రవరి 2న ఇరాన్‌లోని రామ్‌సర్ పట్నంలో కుదిరిన అంతర్జాతీయ ఒప్పందం చిత్తడి నేలకు చాలా విశాలమైన అర్థం ఇచ్చింది. సహజమైనదైనా మనిషి చేసినదైనా, శాశ్వతమైనదైనా తాత్కాలికమైనదైనా, నీరు నిలిచినదైనా పారేదైనా, తీపి నీరైనా ఉప్పు నీరైనా, పాటు వేళ ఆరు మీటర్లకు మించని లోతున్న సముద్రపు అంచైనా చిత్తడి నేలే. మన దేశం 1982లో అందులో చేరింది. మన దేశం 2017లో చేసుకున్న నియమాలు ఈ అర్థాన్ని బాగా కుదించాయి. నదీ గర్భాలు, వరి పొలాలు, తాగునీటి కోసం, సాగునీటి కోసం, ఉప్పు కోసం, చేపల పెంపకం కోసం మనిషి కట్టినవి అందులోకి రావు. కారణాలు ఏమైనా కావచ్చు. కాకతీయుల కాలం నుంచి చెరువు మీద బతికిన తెలంగాణకు, దమ్ము మీద బతికే డెల్టాకు ఈ నిర్వచనం సరిపోదు. మన తడి నేలల్లో ఎక్కువ భాగం మనిషీ నీరూ కలిసి చేసుకున్నవి. మనిషి చేయి పడిందని వాటిని లెక్క నుంచి తీసేస్తే మళ్లీ పోరంబోకు దగ్గరికే వచ్చాం.

చిత్తడి నేల అన్నది మంచి మాటే. అయితే అది పాఠ్యపుస్తకాల్లో, ప్రభుత్వ బోర్డుల మీద ఎక్కువగా కనిపిస్తుంది. ఆ నేల మీద బతికేవాళ్లకు ఇంకా సన్నని మాటలున్నాయి. కోరింగ దగ్గర మడ అంటే ఉప్పు బురదలోంచి వేళ్లు పైకి పొడుచుకొచ్చి గాలి పీల్చుకునే చెట్లు. కోనసీమ తీరంలో పర్ర అంటే సముద్రపు పోటు తడిపి వెళ్లే ఉప్పు నేల. ఏటి నడుమ ఒండ్రు మేట వేస్తే లంక. శ్రీకాకుళం జిల్లాలో చిత్తడిని బీల, తంపర అంటారు. ఈ మాటల్లో ఎక్కడా ఏవగింపు వినిపించదు. అప్పుల బీల అని నేను ఎప్పుడూ వినలేదు. పాపాల పర్ర అని ఎవరూ అనరు. ఆ నీటిలో దిగి చేప పట్టుకున్నవాళ్లు, గడ్డి కోసుకున్నవాళ్లు పెట్టిన పేర్లు కాబట్టి వాటికి తిట్టుగా మారే తీరిక దొరకలేదు.

ఒక మాట కోసం మనుషులు ప్రాణాలిచ్చిన చోటు కూడా శ్రీకాకుళం జిల్లాలోనే ఉంది. సోంపేట దగ్గరి బీల కొండల నుంచి దిగిన వాననీటిని పట్టి ఉంచే మంచినీటి చిత్తడి. చుట్టుపక్కల ఊళ్ల పొలాలకు నీరు, పశువులకు మేత, మత్స్యకారులకు చేప అక్కడివే. అక్కడ బొగ్గుతో నడిచే విద్యుత్ కేంద్రం కడతామని ఒక కంపెనీ వచ్చినప్పుడు ప్రాజెక్టు కాగితాల్లో ఆ నేల పనికిరానిది. ఊరివాళ్ల నోట అది బీల. 2010 జులై 14న నిరసన మీద పోలీసు కాల్పులు జరిగాయి, మనుషులు చనిపోయారు. అదే రోజున జాతీయ పర్యావరణ అప్పీళ్ల సంస్థ ఆ ప్రాజెక్టుకు ఇచ్చిన పర్యావరణ అనుమతిని రద్దు చేసింది. విద్యుత్ కేంద్రం రాలేదు. బీల ఉంది. బంజరు అన్న మాటకూ బీల అన్న మాటకూ మధ్య జరిగిన పోరాటంగా నేను దాన్ని చూస్తాను. గెలిచింది ఆ నేలను దాని పేరుతో పిలిచినవాళ్లు. ఆ గెలుపు ఖరీదు నెత్తురు కావడం మనందరికీ సిగ్గుచేటు.

అందుకే నేను కోరేది ఒకటే. భూముల రీసర్వేలో, గ్రామ పటాల్లో, రెవెన్యూ అడంగల్లో పోరంబోకు, నిరుపయోగం అని రాసిన ప్రతి తడి నేల పక్కనా ఆ ఊరివాళ్లు దాన్ని ఏమని పిలుస్తారో ఆ పేరు రాయాలి. తంపర అయితే తంపర, శిఖం అయితే శిఖం, పర్ర అయితే పర్ర. దానిలో ఏ చేప దొరుకుతుందో, ఏ నెలలో నీరుంటుందో, ఎవరు గడ్డి కోసుకుంటారో కూడా గ్రామసభలో చెప్పించి రాయించాలి. ఖర్చు లేని పని ఇది. పేరూ పనీ రాసి ఉన్న నేలను ఖాళీ స్థలమని చెప్పి అమ్మడం అంత సులువు కాదు. ఆ పేర్లు తెలిసిన పెద్దవాళ్లు మన మధ్య ఇంకా ఉన్నారు. వాళ్లు ఉండగానే అడిగి రాసుకుందాం.